పాత కాంక్రీటుకు కొత్త బరువు

వ్యాపారం పెరిగితే అంగడీ పెరగాలి. ఊళ్లో అయితే శెట్టిగారు పక్క స్థలం కొని, నడుమ గోడ పడగొట్టి మరొక గది వేసుకుంటారు. సింగపూరులో ఆ వీలు తక్కువ. దేశం మొత్తం విస్తీర్ణం సుమారు 735 చదరపు కిలోమీటర్లు. అందులో దాదాపు ఐదో వంతు సముద్రాన్ని పూడ్చి సంపాదించినదే. కనుక ఇక్కడి షాపింగ్ సెంటరు ఉన్నచోటనే, చాలా సార్లు తలుపులు మూయకుండానే, పక్కకో పైకో క్రిందికో పెరగవలసి వస్తుంది. బూన్ లే ప్రాంతంలోని జురాంగ్ పాయింట్‌ను 1995లో తెరిచారు. 2008లో దానికి పెద్ద కొత్త విభాగం చేరింది. ఆర్చర్డ్ రోడ్డులో 1970లలో వెలసిన ప్లాజా సింగపూరా 2012లో పొరుగున ఉన్న ఏట్రియం భవనంతో కలిసిపోయింది. సయ్యద్ ఆల్వీ రోడ్డులో 1995లో ప్రారంభమైన ముస్తఫా సెంటరు తరువాత ఎలా పెరిగినదో, ఒకసారైనా అందులో దారి తప్పిన తెలుగు కుటుంబాలకు వేరే చెప్పనక్కర లేదు.

కొత్త విభాగం ప్రారంభమైన రోజున జనం చూసేవి అద్దాలు, దీపాలు, ఎస్కలేటర్లు. వాస్తుశిల్పి గీసిన బొమ్మలలోనూ అవే ప్రముఖంగా కనిపిస్తాయి. కాని కట్టడాన్ని నిలబెట్టే ఇంజనీరును వేధించే ప్రశ్నలు రెండే. పాతది కొత్త బరువును మోయగలదా? కొత్తది పాతదానికి అతుకుతుందా? మొదటిది గణితం, రెండవది రసాయనశాస్త్రం అని పైకి అనిపిస్తుంది. కొన్నేళ్లు గడిచిన కట్టడంలో మొదటి ప్రశ్న కూడ రసాయనశాస్త్రమే అవుతుంది. ముందుగా గణితం తప్పిన సంగతి చూడవలసి ఉన్నది. అది జరిగినది సెరంగూన్ రోడ్డు మీదనే.

ఓవెన్ రోడ్డు మూల

ముస్తఫా వైపు నుండి శ్రీ శ్రీనివాస పెరుమాళ్ ఆలయానికి నడిచి వెళ్లేవారు ఓవెన్ రోడ్డు మూలను దాటుతారు. అక్కడ 1971లో కట్టిన లియన్ యాక్ భవనం అనే ఆరంతస్తుల కట్టడం ఉండేది. క్రింద బ్యాంకు, దానిపైన నైట్ క్లబ్బు, ఆ పైన న్యూ వరల్డ్ హోటలు. 1986 మార్చి 15, శనివారం ఉదయం పదకొండున్నర కావస్తుండగా ఆ భవనం ఒక్క నిమిషంలోపే కుప్పకూలింది. 33 మంది మరణించారు. 17 మందిని సజీవంగా వెలికి తీయగలిగారు. ఆ రోజులలో ఎం.ఆర్.టి. సొరంగాలు తవ్వుతున్న విదేశీ ఇంజనీర్లు తమంతట తాము ముందుకు వచ్చి, శిథిలాల అడుగున మనిషి పాకేటంత దారులు తవ్వి కొందరిని కాపాడారు.

సొరంగాల తవ్వకం వల్లనే నేల కదిలిందని కొందరు, గ్యాసు పేలిందని కొందరు మొదట అనుమానించారు. విచారణ సంఘం అవి కారణాలు కావని త్రోసిపుచ్చింది. తేలిన కారణం వింటే నమ్మబుద్ధి కాదు. భవనాన్ని లెక్కగట్టినప్పుడు అందులోకి వచ్చే మనుషుల బరువు, సామాను బరువు లెక్కలోకి వచ్చాయి. భవనం తన బరువును తాను మోయాలన్న సంగతి మాత్రం లెక్కలోకి రాలేదు.

ఇంజనీర్లు బరువును రెండు రకాలుగా విభజిస్తారు. స్లాబులు, దూలాలు, స్తంభాలు, గోడలు, నేల పలకలు – ఎప్పుడూ అక్కడే ఉండేవి – స్థిర భారం. వచ్చిపోయే మనుషులు, బల్లలు, సరుకులు చర భారం. ఈ రెండింటిలో ఏది పెద్దదో ఊహించమంటే చాలామంది రెండవదే అంటారు. అంగడి నిండా జనం కళ్లకు కనిపిస్తారు కదా. లెక్క వేరుగా ఉంటుంది. ఘనమీటరు కాంక్రీటు సుమారు 2,400 కిలోల బరువు తూగుతుంది. 15 సెంటీమీటర్ల మందం గల స్లాబులో ఒక చదరపు మీటరు ముక్క 360 కిలోలు. అంగడి నేలకు సాధారణంగా లెక్కగట్టే చర భారం చదరపు మీటరుకు 400 నుండి 500 కిలోలు. స్లాబుకు దూలాలను, స్తంభాలను, ఇటుక గోడలను, నేలపై పోసిన మడ్డిని, పలకలను కలిపితే స్థిర భారమే చర భారాన్ని మించిపోతుంది. పైగా చర భారం లెక్కలో వేసుకున్నంతగా ఏనాడూ రాదు. స్థిర భారం రేయింబవళ్లు దిగదు. ఓవెన్ రోడ్డు భవనం స్తంభాలు మోయవలసిన దానిలో సగానికి పైగా లెక్కలోనే లేదన్నమాట.

అయితే పదిహేనేళ్లు ఎలా నిలబడింది? లెక్కలో పెట్టుకునే భద్రతా గుణకం కొంత ఆదుకుంటుంది. మిగిలినది కాంక్రీటు స్వభావంలో ఉన్నది. ప్రయోగశాలలో కాంక్రీటు దిమ్మెను యంత్రంలో పెట్టి కొద్ది నిమిషాలలో నలిపి దాని బలం ఇంత అని చెబుతారు. అదే దిమ్మెపై ఆ బలంలో ఎనభై శాతం బరువు పెట్టి వదిలివేస్తే మొదట ఏమీ కాదు. లోపల కంకరకు, సిమెంటు ముద్దకు నడుమ కంటికి కనపడని పగుళ్లు నెమ్మదిగా సాగి ఒకదానితో ఒకటి కలుసుకుంటాయి. నెలల తరువాతనో ఏళ్ల తరువాతనో, క్రొత్తగా ఏ బరువూ పెట్టకపోయినా, అది విరుగుతుంది. నిన్నటిదాకా నిలిచింది కనుక రేపూ నిలుస్తుందన్న ధైర్యం కాంక్రీటు విషయంలో చెల్లదు.

ఆ పదిహేనేళ్లలో భవనానికి కొన్ని కొత్త బరువులు కూడ చేరాయి: బ్యాంకువారి ఖజానా గది, శీతలీకరణ పరికరాలు, వెలుపలి గోడలకు పలకలు. కూలిపోవటానికి మూలం అవి కావు, మొదటి లెక్కే. అయినా ఒక్కొక్కటి చేర్చినప్పుడల్లా పాత లెక్కను బయటికి తీసి చూచి ఉంటే, అందులోని లోపం ఎవరి కంటనైనా పడి ఉండేది. పాత భవనాన్ని విస్తరించే పని ఆ విధంగా ఒక మంచి అవకాశం కూడ – పాత తప్పు బయటపడే అవకాశం.

సియోల్‌లో ఐదవ అంతస్తు

లెక్కలో మరచిపోవటం ఒక రకం. మరవకుండానే పెంచుకుంటూ పోవటం ఇంకొక రకం. దానికి దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లోని సాంపూంగ్ డిపార్ట్‌మెంట్ స్టోరును మించిన ఉదాహరణ లేదు. పైగా అది అచ్చంగా అంగడి విస్తరణ కథ.

మొదట అనుకున్నది నాలుగంతస్తుల భవనం. అంగడి కోసం కాదు. కట్టడం మొదలైన తరువాత యజమాని మనసు మార్చుకుని దానిని డిపార్ట్‌మెంట్ స్టోరు చేయమన్నాడు. ఎస్కలేటర్లకు దారి కావాలి, కనుక కొన్ని స్తంభాలు తీసేయవలసి వచ్చింది. కట్టుబడి సంస్థ కుదరదన్నది. యజమాని వేరేవారి చేత పని కానిచ్చాడు. ఆ తరువాత ఐదవ అంతస్తు వచ్చింది. మొదట అక్కడ స్కేటింగ్ మైదానం పెడదామనుకున్నారు. చివరకు భోజనశాలలు పెట్టారు. కొరియా పద్ధతిలో అతిథులు నేలపై కూర్చుని తింటారు. నేల వెచ్చగా ఉండాలి. అందుకు వేడినీటి గొట్టాలు పరచి వాటిపై మరొక పొర కాంక్రీటు పోశారు. వంటశాలల పరికరాలు సరేసరి. పైకప్పుపై శీతలీకరణ యంత్రాలు నిలిపారు. వాటి రొదపై పొరుగువారు ఫిర్యాదు చేయగా 1993లో వాటిని మరొక వైపుకు మార్చారు – క్రేనుతో ఎత్తి కాదు, దొర్లించి, పైకప్పు పొడవునా ఈడ్చుకుంటూ. స్లాబుకు పగుళ్లు వచ్చినది అప్పుడే.

ఆ భవనంలో దూలాలు లేవు. స్లాబు నేరుగా స్తంభాల తలలపై కూర్చునే పద్ధతి అది. అంగడికి ఎత్తైన, విశాలమైన చోటు దొరుకుతుంది గనుక వ్యాపారులకు అది ప్రీతిపాత్రమే. కాని బరువంతా స్తంభం తల చుట్టూ ఉన్న కొద్దిపాటి వలయం గుండా దిగాలి. వేయించిన అప్పడాన్ని రెండు చేతులతో పట్టుకుని మధ్యలో వేలితో పొడిస్తే, అప్పడం వంగదు. వేలు సరిగ్గా తన చుట్టుకొలత మేరకు చిల్లు చేసుకుని పైకి వస్తుంది. స్తంభం సన్నబడిన కొద్దీ, స్లాబుపై బరువు పెరిగిన కొద్దీ జరిగేది అదే. సాంపూంగ్ స్తంభాలు గీసిన కొలత కంటె సన్నగా పోసినవి కూడ.

1995 జూన్ 29 ఉదయం పై అంతస్తులో పగుళ్లు విచ్చుకున్నాయి. నిర్వాహకులు ఆ అంతస్తును మూసివేసి, క్రింది అంతస్తులలో అమ్మకాలు సాగనిచ్చారు. సాయంత్రం ఆరు గంటలు కావటానికి కొద్ది నిమిషాల ముందు భవనపు ఒక భాగం ఇరవై సెకన్లలోపు నేలమట్టమైంది. 502 మంది చనిపోయారు, తొమ్మిది వందల మందికి పైగా గాయపడ్డారు. యజమానికి కారాగార శిక్ష పడింది. ఒక పూట అమ్మకాల లాభానికి అంత మందిని లోపల ఉంచిన ఆ నిర్ణయాన్ని ఇంజనీరింగు లోపం అనటానికి మాట రాదు.

పారాణి పరీక్ష

ఇక రసాయనశాస్త్రం. పాత భవనం గీసిన పటాలు దొరికాయి, లెక్కలూ సరిగానే ఉన్నాయి అనుకుందాం. అయినా ఆ పటంలోని కాంక్రీటు, ఈనాటి కాంక్రీటు ఒకటి కావు.

కాంక్రీటు ఆరి గట్టిపడుతుందని చాలామంది భ్రమ. నిజానికి అది నీటిని త్రాగి గట్టిపడుతుంది. సిమెంటులోని కాల్షియం సిలికేట్లు నీటితో కలిసి రెండు పదార్థాలనిస్తాయి. ఒకటి జిగురు వంటి కాల్షియం సిలికేట్ హైడ్రేటు. కంకరను, ఇసుకను పట్టి ఉంచేది అదే. రెండవది కాల్షియం హైడ్రాక్సైడు, అంటే తాంబూలంలోని సున్నమే. బలం విషయంలో ఈ సున్నం చేసే మేలు స్వల్పం. కాని అది కాంక్రీటు సూక్ష్మరంధ్రాలలోని నీటిని గాఢమైన క్షారంగా ఉంచుతుంది, పి.హెచ్. విలువ పన్నెండున్నర నుండి పదమూడు. అంతటి క్షారంలో ఇనుప కమ్మీ తన చుట్టూ అతి పలుచని, గట్టి ఆక్సైడు పొరను కప్పుకుంటుంది. ఆ పొర ఉన్నంతకాలం తుప్పు పట్టదు.

గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఈ ఏర్పాటుకు శత్రువు. బడిపిల్లలు సున్నపుతేటలోకి గొట్టంతో ఊపిరి ఊదితే తేట పాలవలె తెల్లబడుతుంది; సున్నం కాల్షియం కార్బొనేటుగా మారిందన్నమాట. కాంక్రీటులోనూ ఇదే జరుగుతుంది, పైపొర నుండి లోపలికి, ఏళ్ల తరబడి. చిత్రమేమంటే, గానుగ సున్నంతో కట్టిన పాత కట్టడాలకు ఈ చర్యే ప్రాణం. 1591 నాటి చార్మినారు సున్నం గాలిలోని ఆ వాయువును పీల్చుకునే రాయిగా మారింది. ఇనుము లేని గోడకు వరమైనది ఇనుము ఉన్న గోడకు శాపమైంది. సున్నం కరిగిపోయిన కొద్దీ పి.హెచ్. తొమ్మిదికి దిగువకు జారుతుంది, ఇనుముపై రక్షక పొర విచ్ఛిన్నమవుతుంది. తుప్పు తాను తిన్న ఇనుముకంటె రెండింతల నుండి ఆరింతల చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు పెచ్చులూడుతుంది.

ఈ కార్బొనేటు సరిహద్దు కాలపు వర్గమూలం చొప్పున జరుగుతుంది. పదేళ్లలో 10 మిల్లీమీటర్లు లోపలికి పోతే, 20 మిల్లీమీటర్లకు చేరటానికి ఇరవై ఏళ్లు కాదు, నలభై ఏళ్లు పడుతుంది. కమ్మీపై కప్పిన కాంక్రీటు మందం అనేక స్లాబులలో 20, 25 మిల్లీమీటర్లే. పోతపోసే రోజున మేస్త్రీ అయిదు మిల్లీమీటర్లు తక్కువ చేస్తే భవనపు ఆయుష్షులో ఎన్నేళ్లు తరుగుతాయో ఈ లెక్క నుండి తెలుస్తుంది.

షాపింగ్ సెంటరు విషయంలో ఇక్కడ ఒక మెలిక ఉన్నది. వానకు తడిసే వెలుపలి స్తంభమే ముందు పాడవుతుందని ఎవరైనా అనుకుంటారు. కాని సూక్ష్మరంధ్రాలు నీటితో నిండి ఉంటే వాయువు లోపలికి పోలేదు. కార్బొనేటు చర్య అతివేగంగా సాగేది గాలిలో తేమ యాభై నుండి డెబ్బై శాతం ఉన్నప్పుడు – అంటే సరిగ్గా ఎయిర్ కండిషన్ వేసిన అంగడిలో. పైగా అక్కడ వేలమంది ఊపిరి. వెలుపలి గాలిలో బొగ్గుపులుసు వాయువు పది లక్షల భాగాలకు 420 భాగాలు ఉంటే, జనసమ్మర్దమైన గదిలో వెయ్యికి చేరటం అరుదు కాదు. కనుక లోపలి స్తంభం వెలుపలి స్తంభంకంటె లోతుగా సున్నాన్ని కోల్పోయి ఉండవచ్చు. అయినా తుప్పు పట్టదు. తుప్పుకు కావలసిన తడి అక్కడ లేదు. అది పొడి చోట నిశ్చింతగా కూర్చున్న రోగి వంటిది. విస్తరణలో గోడ పడగొట్టి, నిన్నటిదాకా లోపల ఉన్న స్తంభాన్ని వాన జల్లు పడే వసారాలోకి తెచ్చినా, దాని ప్రక్కన కొత్త వంటశాలనో శౌచాలయాన్నో పెట్టినా, లోపం ఆ రోజు నుండి పని మొదలు పెడుతుంది. గీతలు గీసేవారు గది ప్రయోజనాన్ని మార్చితే స్తంభపు రసాయనశాస్త్రాన్నీ మార్చినట్లే.

దీనిని కనిపెట్టే పరీక్ష ఎంతో సులువైనది. స్తంభం నుండి చిన్న పెచ్చు ఊడగొట్టి, ఆ తాజా ముఖంపై ఫినాల్ఫ్తలీన్ ద్రావణం చల్లుతారు. సున్నం మిగిలిన చోట గులాబీ రంగు పొంగుతుంది. సున్నం పోయిన చోట రంగు రాదు. రంగులేని పట్టీ వెడల్పు కొలిస్తే సరి. పెళ్లింట పసుపులో సున్నం కలిపి పారాణి చేసేవారు చూసే రంగుమార్పు కూడ ఈ కుటుంబానిదే. క్షారం తగిలిన పసుపు ఎరుపెక్కుతుంది, ఫినాల్ఫ్తలీన్ గులాబీ ఎక్కుతుంది. పారాణి పండని కాంక్రీటులో కమ్మీకి రక్షణ లేదని గుర్తు.

సింగపూరు ద్వీపం కావటం వలన ఉప్పుకూ భయపడాలి. ఉప్పులోని క్లోరైడు అయాన్లు సున్నాన్ని ముట్టుకోవు. నేరుగా ఇనుము పైనున్న రక్షక పొరను గుచ్చుతాయి. తమ పని చేసి అవి ఖర్చు కావు, మళ్లీ మళ్లీ అదే పని చేస్తాయి. ఉప్పునీరు ఏం చేయగలదో చూపిన అంగడి ఒకటి కెనడాలో ఉండేది. ఒంటారియో రాష్ట్రంలోని ఎలియట్ లేక్ పట్టణంలో 1980లో తెరిచిన ఆల్గో సెంటరు మాల్‌కు పైకప్పు మీదనే కార్లు నిలిపే స్థలం ఉండేది. రోడ్లపై మంచు కరిగించటానికి చల్లిన ఉప్పు కార్ల చక్రాలతో పైకి చేరేది, అక్కడి నుండి కారే నీటితో ఉక్కు దూలాల అతుకులకు దిగేది. కారుతున్న కప్పు క్రింద బకెట్లు పెట్టి ముప్పై ఏళ్లు వ్యాపారం సాగించారు. 2012 జూన్ 23న ఒక అతుకు తెగి కప్పు కూలగా ఇద్దరు స్త్రీలు మరణించారు. పైకప్పుపై కార్లు నిలిపే ప్రతి విస్తరణ ప్రణాళికలోను నీరు ఎటు పోతుందన్నది మొదటి పుటలో ఉండవలసిన ప్రశ్న.

అతుకు

కొత్త కాంక్రీటును పాతదానిపై పోస్తే రెండూ ఏకమవుతాయని అనుకోవటం పొరపాటు. పాతది కుదించుకోవటం ఎప్పుడో ముగించింది. కొత్తది మొదటి రెండు మూడేళ్లు కుదించుకుంటూనే ఉంటుంది; పది మీటర్ల పొడవుకు మూడు నుండి ఆరు మిల్లీమీటర్లు. పాత పునాది దిగవలసినంత దిగి కుదుటపడింది. కొత్త పునాది ఇప్పుడే దిగటం మొదలుపెడుతుంది. కల్లాంగ్ పరిసరాలలోని మెత్తని సముద్రపు బంకమన్నులో ఈ భేదం చిన్నది కాదు. ఇక ఎండ: అరవై మీటర్ల కాంక్రీటు పదిహేను డిగ్రీలు వేడెక్కితే సుమారు తొమ్మిది మిల్లీమీటర్లు పొడుగు సాగుతుంది. ఈ మూడింటినీ కాదని బిగించి కట్టేస్తే పగులు తనకు నచ్చిన చోట వస్తుంది.

అందుచేత అనుభవజ్ఞులు ముందుగా చేసే పని అతకకపోవటమే. కొత్త విభాగాన్ని తన సొంత స్తంభాలపై, సొంత పైళ్లపై నిలబెట్టి, పాతదానికీ దానికీ నడుమ రెండు నుండి అయిదు సెంటీమీటర్ల ఎడం వదులుతారు. షాపింగ్ సెంటరులో నడుస్తూ నేలకు అడ్డంగా గోడ నుండి గోడ దాకా సాగిన లోహపు పట్టీని, దానికి ఎగువన కప్పులోనూ అదే గీతను గమనించినవారు ఆ ఎడాన్ని చూచినట్లే. పాతది అక్కడ ముగిసి కొత్తది మొదలవుతుంది. పిల్లలతో వెళ్లినప్పుడు వెదకించదగిన వస్తువు. పట్టీకి రెండు వైపుల రెండు స్తంభాలు జంటగా నిలిచి ఉంటే అనుమానమే అక్కరలేదు.

తప్పనిసరిగా అతకవలసిన చోట్లు కొన్ని ఉంటాయి. పాత స్తంభం చుట్టూ కొత్త కమ్మీలు కట్టి కవచంలాగ కాంక్రీటు పోయాలి, లేదా పాత స్లాబు అంచుకు కొత్త స్లాబు తగిలించాలి. అప్పుడు పాత ముఖాన్ని కంకర బయటపడేలా గరుకు చేస్తారు, దుమ్ము కడుగుతారు, తడిపి పైతడి ఆరనిస్తారు. పొడిగా వదిలితే పాత కాంక్రీటు కొత్తదానిలోని నీటిని పీల్చివేసి, అతుకు దగ్గరి సిమెంటుకు త్రాగటానికి నీరు లేకుండా చేస్తుంది. తరువాత పాతదానికి రంధ్రాలు తొలిచి, ఎపాక్సీ జిగురుతో కొత్త కమ్మీలు నాటుతారు.

ఎపాక్సీ అంటే ఇంట్లో కుళాయి గొట్టం కారినప్పుడు రెండు ముద్దలు పిసికి పూసే ఎం-సీల్ కుటుంబమే. ఒక ముద్దలోని అణువులకు చివర రెండు కార్బన్లు, ఒక ఆక్సిజన్ కలిసిన మూడు మూలల వలయం ఉంటుంది. మూడు మూలలలోకి బలవంతాన వంచిన ఆ బంధాలు తెగటానికి సిద్ధంగా ఉంటాయి. రెండవ ముద్దలోని ఎమీన్లు తగలగానే వలయాలు తెరుచుకుని ఒకదానికొకటి గొలుసు కడతాయి, వేడి పుడుతుంది, కొద్ది గంటలలో విడదీయరాని వల తయారవుతుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే ఈ చర్య వేగం సుమారు రెండింతలవుతుంది. కనుక సింగపూరు మధ్యాహ్నంలో కలిపిన జిగురు, శీతల దేశంలో ముద్రించిన సూచనల కాగితం ఇచ్చినంత గడువు ఇవ్వదు. రంధ్రంలో దుమ్ము మిగిలితే జిగురు దుమ్మును పట్టుకుంటుంది, కాంక్రీటును కాదు.

అన్నిటికంటె మోసకరమైనది ఎడతెగని లాగుడు. ఎపాక్సీ లోహం కాదు. కొన్ని రకాలు నిరంతరం వ్రేలాడే బరువుకు చాలా నెమ్మదిగా సాగిపోతాయి. అమెరికాలోని బోస్టన్ నగరపు సొరంగ మార్గంలో కప్పు పలకలను ఎపాక్సీతో నాటిన బోల్టులకు వ్రేలాడదీశారు. వాడినది త్వరగా గట్టిపడే రకం. బిగించిన రోజున పరీక్షకు నిలిచింది. 2006 జూలై 10న బోల్టులు జారి పలకలు కారుపై పడి ఒక స్త్రీ మరణించింది. దర్యాప్తులో ఆ రకం ఎపాక్సీకి సాగుదలను తట్టుకునే శక్తి లేదని తేలింది. జిగురుకు ఒక రోజు బలం వేరు, పదేళ్ల బలం వేరు. అదీగాక సాధారణమైన ఎపాక్సీలు అరవై, డెబ్బై డిగ్రీల వేడికే మెత్తబడటం మొదలుపెడతాయి. మంటలకు గురికాగల చోట వాటిని కాంక్రీటు లోతులో దాచవలసిందే.

చట్టం, ఇంటి నేల

ఓవెన్ రోడ్డు దుర్ఘటన తరువాత సింగపూరు 1989లో భవన నియంత్రణ చట్టం తెచ్చింది. ఒక ఇంజనీరు వేసిన లెక్కను అతనితో సంబంధం లేని మరొక గుర్తింపు పొందిన ఇంజనీరు మొదటి నుండి మళ్లీ వేసి చూడాలి. కట్టిన భవనాలను కూడ నిర్ణీత కాలానికొకసారి తనిఖీ చేయించాలి: నివాస భవనాలను పదేళ్లకొకసారి, అంగళ్ల వంటి ఇతర భవనాలను అయిదేళ్లకొకసారి. అంగళ్లకు గడువు సగమే ఎందుకన్నది ఊహించవచ్చు. ఇంటివారు అల్మరా జరుపుతారు. అంగడివారు గోడలే జరుపుతారు.

ఇళ్లకూ విస్తరణ లేకపోలేదు. 1990 దశకంలో హెచ్.డి.బి. ప్రధాన నవీకరణ పథకం క్రింద, ముందే పోతపోసిన గదులను తెచ్చి, జనం కాపురముంటున్న పాత బ్లాకులకు జతచేశారు. ఆ పథకం 2007లో మరొక పథకానికి చోటిచ్చింది. ఈనాడు అధిక సంఖ్యాకులైన తెలుగు కుటుంబాలకు ఎదురయ్యే విస్తరణ అంత పెద్దది కాదు. పాత ఫ్లాటు కొని నేలకు కొత్త పలకలు వేయించుకోవటమే. హెచ్.డి.బి. నిబంధన ప్రకారం స్లాబుపై పోసే మడ్డి, దానిపై పలకలు కలిసి 50 మిల్లీమీటర్ల మందం మించరాదు. ఈ అంకె అధికారుల చాదస్తం కాదని చిన్న లెక్కతో తెలుస్తుంది. 20 చదరపు మీటర్ల హాలులో 50 మిల్లీమీటర్ల పొర అంటే సరిగ్గా ఒక ఘనమీటరు, అంటే రెండు టన్నులకు పైబడిన బరువు, ఒక మోస్తరు కారుకంటె ఎక్కువ. పాత పలకలు తీయకుండా వాటిమీదనే గ్రానైటు పరిపిస్తే మందం తేలికగా 80 దాటుతుంది; మరొక టన్నుకు పైగా స్థిర భారం ఆ స్లాబుపై రేయింబవళ్లు కూర్చుంటుంది. పాత యజమాని ఇదివరకే ఒకసారి ఆ పని చేసి ఉండవచ్చు. పని మొదలుపెట్టే ముందు వంటింటి గడప దగ్గరనో స్నానాల గది అంచుననో ఒక పలకను తీయించి, స్లాబు మీద ఇప్పటికి ఎన్ని పొరలున్నవో స్కేలు పెట్టి కొలిపించటానికి పది నిమిషాలు చాలు.